రోహిణి కార్తెలో పగిలిన టేకు బల్ల

బాబూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఫొటోలు కూడా పెద్దవి చేసి చూశాను. సంక్రాంతి సెలవుల్లో మొదలుపెట్టి, నెల రోజులు శని, ఆదివారాలు కూర్చుని, పిల్లవాడికి రెండడుగుల వెడల్పున టేకు చదువుబల్ల చేశారు. నాలుగు పలకలు ఫెవికాల్‌తో అతికించారు. కింద రెండు అడ్డబద్దలు వేసి వరసగా స్క్రూలు బిగించారు. మే నెలాఖరులో ఒక రాత్రి ఠప్‌మని చప్పుడు వచ్చింది. పొద్దున చూస్తే పై చెక్క జానెడు పొడవున చీలింది. కాళ్ళు కూడా ఊగుతున్నాయి. అమ్మినవాడు పచ్చి కలప ఇచ్చి మోసం చేశాడా, పాత వడ్రంగుల పద్ధతిలో చేతి పనిముట్లతో నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏమేం కొనాలి అని అడిగారు.

అమ్మినవాడి తప్పు కాదు. ఫొటోలో కలప బాగుంది, లోపలి గట్టి చేవ నిండుగా ఉంది, పైపొర తెల్ల చెక్క ఒక పలక అంచున బెత్తెడు మాత్రమే కనిపిస్తోంది. అతుకులు కూడా శుభ్రంగా వేశారు. చీలిక అతుకు దగ్గర రాలేదు, పలక నడిమిన వచ్చింది చూడండి. అంటే మీ బంక పని గట్టిది. చెక్క కదలాలనుకుంది, మీరు కదలనివ్వలేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు మనవాళ్ళు. రాతి సంగతి ఎలా ఉన్నా, కలప విషయంలో ఆ మాట అక్షరాలా నిజం.

మాది గోదావరి ఒడ్డున వడ్రంగం చేసుకున్న ఇల్లు. తాతయ్య నాగళ్ళు, బండ్లు చేశాడు. నాన్న గుమ్మాలు, తలుపులు, మంచాలు చేశాడు. నేను నాన్న దగ్గర పదేళ్ళు పనిచేసి, ఆ తర్వాత ఐటీఐలో పిల్లలకు నేర్పాను. ఇన్నేళ్ళలో ఇంటి పట్టున నేర్చుకునేవాళ్ళు చేసిన సామాను చాలా చూశాను. దాదాపు అన్నిటిలో దెబ్బ రెండు చోట్లే తగులుతుంది. ఒకటి, చెక్క వెడల్పు మారుతుందన్న సంగతి మర్చిపోవడం. రెండోది, కుసి తొలి, అంటే బద్ద కొసను సన్నగా చెక్కి గుంటలో దూర్చే అతుకు, ఉండాల్సిన చోట స్క్రూ పెట్టడం. మీ బల్లకు రెండూ జరిగాయి. అందుకే పనిముట్ల జాబితాకన్నా ముందు ఈ సంగతులు చెబుతాను. ఇవి తెలిస్తే ఏ పనిముట్టు ఎందుకు కొనాలో మీకే తెలుస్తుంది.

చెట్టు కొట్టి, కోసి, ఏళ్ళ తరబడి ఆరబెట్టినా కలప గాలిలోని తేమను పీల్చుతూ వదులుతూనే ఉంటుంది. వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుంటుంది. పొడవున ఈ మార్పు లేనట్టే లెక్క. అంతా వెడల్పులోనే. ఇందులో టేకు చాలా నెమ్మదస్తురాలు, అందుకే దానికంత పేరు. అయినా లెక్క వేసి చూడండి. చెక్కలో తేమ ఒక శాతం తగ్గితే, చెట్టు పెరుగుదల వలయాలు పలక ముఖానికి సమాంతరంగా ఉన్న టేకు పలక వెడల్పులో దాదాపు 0.19 శాతం తగ్గుతుంది. మీ బల్ల వెడల్పు 600 మిల్లీమీటర్లు. సంక్రాంతి నాటికీ మే నెలలో ఏసీ గదికీ మధ్య తేమ ఐదు శాతం తగ్గిందనుకున్నా, బల్ల అర సెంటీమీటరుకు పైగా కుంచించుకోవాలి. కింద అడ్డబద్ద మాత్రం పొడవు మారదు. మీరు ఒక్కో బద్దకు ఆరు స్క్రూలు వేసి ఆ రెంటినీ కట్టేశారు. ఇంక చెక్కకు చీలడం తప్ప దారి లేదు.

ఇదే పొరపాటు నేనూ చేశాను, అదీ పని బాగా వచ్చాక. మా బంధువులింటికి పనసకర్రతో భోజనాల బల్ల చేసిచ్చాను. పెళ్ళి ముహూర్తానికి అందాలన్న తొందరలో అడ్డబద్దలకు గాడి తియ్యకుండా స్క్రూలు దిగ్గొట్టాను. రెండో ఎండాకాలానికి నిలువునా చీలింది. నాన్న ఒక్క మాట కూడా అనలేదు. మా వీధి తలుపు దగ్గరకు తీసుకెళ్ళి, దాని మధ్య పలకను వేలితో తట్టి చూపించాడు. పలక కొంచెం కదిలింది. తాతయ్య నాటి తలుపు అది. పలక చుట్టూ చట్రం, చట్రంలో గాడి, ఆ గాడిలో బంక లేకుండా, మేకు లేకుండా పలక కూర్చుని ఉంటుంది. వానాకాలంలో గాడిలోపలికి ఉబ్బుతుంది, ఎండాకాలంలో వెనక్కి వస్తుంది. చట్రం మాత్రం ఎప్పుడూ ఒకే కొలత. మీ ఊళ్ళో పాత ఇల్లుంటే వెళ్ళి తలుపు పలకను తట్టి చూడండి. అంచున రంగు లేని సన్నని గీత కనిపిస్తుంది, వేసవిలో అయితే ఇంకా బాగా. చెక్క ఎంత వెనక్కి జరిగిందో ఆ గీత చెబుతుంది.

ఇక కాళ్ళు. మీరు కాళ్ళను కలిపే పక్కబద్దను కాలికి ఆనించి, బయటనుంచి స్క్రూ దించారు. ఆ స్క్రూ పక్కబద్దలో ఎక్కడ పట్టుకుంది? అడ్డంగా కోసిన ముఖంలో, నార పొడవున. అక్కడ మరకు పట్టు దొరకదు. కట్ట కట్టిన పుల్లల మధ్యకు మేకు దింపినట్టే. బిగించిన రోజు గట్టిగా ఉంటుంది, పిల్లవాడు నాలుగుసార్లు బల్ల జరిపేసరికి నార నలిగి వదులవుతుంది. ఇంకా పెద్ద స్క్రూ వేస్తే ఇంకా పెద్ద బెజ్జం తప్ప ఒరిగేదేమీ ఉండదు. అక్కడ కావలసింది కుసి, తొలి. బద్ద కొసను సన్నగా చెక్కితే అది కుసి. కాలిలో దానికి సరిపడా తొలిచిన గుంట తొలి. నార నారను ఆనుకుని నిలబడుతుంది. ఊపు వచ్చినప్పుడు బరువు మొయ్యాల్సింది కుసి పక్కన మెట్టులా మిగిలే భుజాలు, స్క్రూ మరలు కాదు.

దీని గొప్ప చూడాలంటే నులక మంచం కన్నా మంచి పాఠం లేదు. నాలుగు కోళ్ళు, అంటే కాళ్ళు. వాటిని కలిపే నాలుగు పట్టెలు. ప్రతి కోడులోకీ రెండు వైపులనుంచి రెండు పట్టెల కుసులు వచ్చి చేరతాయి. బంక ఉండదు, చాలావాటికి చీల, అంటే కొయ్య మేకు, కూడా ఉండదు. అయినా ఇంటిల్లిపాదీ కూర్చున్నా నిలబడుతుంది. ఎందుకంటే నులక అల్లేటప్పుడు పడే బిగువు పట్టెలను లోపలికి లాగుతుంది, ఆ లాగుడు కుసులను కోళ్ళలోకి బిగిస్తుంది. పడుకునే బరువు కూడా ఆ బిగువునే పెంచుతుంది. నులక విప్పితే మంచం ఎనిమిది ముక్కలుగా విడిపోతుంది, బండి మీద వేసుకుని పోవచ్చు. మేకు కనిపెట్టడం రాక కాదు, మేకు అవసరం లేకుండా చేశారు. తరిమెన (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టిన కోళ్ళ నగిషీ చూసి ముచ్చటపడతాం గానీ, అసలు పనితనం కోడు లోపల, కంటికి కనపడని చోట ఉంది.

ఇప్పుడు పనిముట్లు. మీరు ఇప్పటికే కొన్న డ్రిల్లు కిట్టు దాచుకోండి, బెజ్జాలకు పనికొస్తుంది. కొత్తగా కావలసినవి తక్కువే. ఉలులు మూడు: పావు అంగుళం, అర అంగుళం, అంగుళం. పన్నెండు ఉలుల సెట్టు కొనకండి, అందులో తొమ్మిది తుప్పు పట్టడానికే. రంపాలు రెండు, నార వెంట కోసే నిలువుకోత రంపం ఒకటి, నారకు అడ్డంగా కోసే సన్నపళ్ళ రంపం ఒకటి. ఒక చిత్రిక, మీ హైదరాబాదులో రంద అంటారు. ఒక మూలమట్టం, రెండు ముల్లులతో గీతలు గీసే గేజు ఒకటి, కొయ్య సుత్తి ఒకటి, నాలుగు క్లాంపులు. అన్నిటికన్నా ముందు, ఒక మంచి సానరాయి.

కొయ్య సుత్తి కొనకండి, చేసుకోండి. చింతకర్ర గానీ తుమ్మకర్ర గానీ చిన్న మొద్దు ఏ కట్టెల అడితిలోనైనా దొరుకుతుంది. పిడి దూర్చడానికి అందులో తొలిచే తొలే మీ మొదటి తొలి అవుతుంది.

మూలమట్టం కొనేటప్పుడు కొట్లోనే పరీక్ష చెయ్యండి. నిటారైన అంచున్న పలక మీద దాన్ని ఆనించి ఒక గీత గీయండి. మూలమట్టం తిరగేసి అదే చోట ఇంకో గీత గీయండి. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడితే అది నిజమైన మూల. గీతలు విడిపోతే, కనపడే తేడాలో సగం దాని తప్పు. ఖరీదైన వాటిలో కూడా తప్పు మట్టాలు చూశాను. మట్టం తప్పయితే ఆ తర్వాత మీరు ఎంత జాగ్రత్తగా కోసినా ఆ తప్పు బల్ల నాలుగు మూలలకూ పాకుతుంది.

చిత్రిక కొయ్యదైనా సరే, ఇనుపదైనా సరే. పాత కొయ్య చిత్రికలో ఆకును, అంటే కోసే ఇనుప పలకను, మేకులాంటి కొయ్య చీలికతో బిగిస్తారు. వెనక తడితే ఆకు పైకి వస్తుంది, ముందు తడితే కిందికి దిగుతుంది. అలవాటయ్యేదాకా కష్టం. కొత్తవాళ్ళకు మర తిప్పి ఆకు దించే ఇనుప చిత్రికే నయం. దాని అడుగు చదునుగా ఉందో లేదో గాజుపలక మీద పెట్టి చూసుకోండి.

నాన్న దగ్గర చేరిన కొత్తలో నాకు చాలా నెలలు సానరాయి తప్ప ఏమీ ఇవ్వలేదు. అప్పుడు ఏడుపొచ్చేది. ఐటీఐలో నేను చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, నేను కూడా అదే చెయ్యాలని. మొద్దు ఉలితో పనిచేసేవాడు బలం వాడతాడు. బలం వాడినప్పుడే ఉలి జారుతుంది, చెయ్యి తెగుతుంది. పదునైన ఉలి చెప్పినచోట ఆగుతుంది. కొట్లో కొన్న కొత్త ఉలి పదునుగా ఉందనుకోకండి, అది సగం తయారైన వస్తువు. ముందు దాని వీపు, అంటే వాలు లేని చదును వైపు, మొన దగ్గర రెండంగుళాల మేర రాయి మీద రుద్ది అద్దంలా చెయ్యాలి. ఈ పని ఒక్కసారే చేస్తారు, జీవితాంతం పనికొస్తుంది. తర్వాత వాలు. వాలు ముఖం పొడవు ఉలి మందానికి సరిగ్గా రెండింతలుంటే అది 30 డిగ్రీలు. కోణమాపకం అక్కర్లేదు, స్కేలు చాలు. గట్టి కలపకు, తొలి కొట్టే ఉలికి ఈ 30 బాగుంటుంది. చేతితో నెట్టి చెక్కే పనికి 25 డిగ్రీలు చాలు.

వాలును రాయి మీద ఆనించి, మణికట్టు ఊగకుండా ముందుకీ వెనక్కీ నెట్టండి. వీపు వైపు సన్నని ఇనుప పొర వేలికి తగిలిందంటే మొన దాకా అరిగినట్టు. అప్పుడు నున్నని రాయికి మారి, ఆ పొర పోయేదాకా రెండు వైపులా మార్చి మార్చి రుద్దండి. చివర తోలు బెల్టు ముక్క మీద పది సార్లు వెనక్కి లాగండి. రాయికి డబ్బు లేకపోతే మందపాటి గాజుపలక మీద నీటి ఎమెరీ కాగితం అతికించి వాడండి, 400 నుంచి మొదలుపెట్టి 2000 దాకా. పదును చూడటానికి చాలామంది చేతి వెంట్రుకలు గీస్తారు. అంతకన్నా మెత్తటి చెక్క ముక్క కోసిన ముఖాన్ని చెక్కి చూడండి. పొడి రాలితే పదును లేదు. మెరిసే పొర లేస్తే ఉంది.

టేకులో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ కర్రలో సన్న ఇసుక లాంటి సిలికా ఉంటుంది. అది మొనను తొందరగా తినేస్తుంది. టేకు మీద పనిచేస్తున్నప్పుడు అరగంటకోసారి రాయి దగ్గరకు వెళ్ళడం తప్పు కాదు, పద్ధతి. దాని జిడ్డు వల్ల బంక కూడా సరిగా పట్టదు. అతికించబోయే ముఖాన్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, థిన్నరులో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరగానే బంక రాయండి.

చిత్రిక పట్టేటప్పుడు నార వాలు చూసుకోవాలి. చెరకు ఆకును మొదలు నుంచి కొసకు నిమిరితే నున్నగా ఉంటుంది, కొస నుంచి మొదలుకు నిమిరితే చెయ్యి కోసుకుపోతుంది. చెక్క కూడా అంతే. పలక పక్క అంచు చూస్తే నార గీతలు ఎటు ఎక్కుతున్నాయో కనిపిస్తాయి, అటే నెట్టాలి. లేచిపోతోందంటే పలక తిప్పండి. వేప లాంటి కర్రల్లో నార మెలితిరిగి, ఒకే పలకలో అటూ ఇటూ ఉంటుంది. అక్కడ ఆకును బాగా పైకి లాగి, వెంట్రుకమందం పొర మాత్రమే తియ్యాలి. పలక మెలితిరిగిందో లేదో చూడటానికి రెండు నిటారైన బద్దలు దాని రెండు కొసల మీద అడ్డంగా పెట్టి, ఒక కన్ను మూసి, దగ్గరి బద్ద మీదుగా దూరపు బద్దను చూడండి. రెండు అంచులూ సమానంగా కనిపించకపోతే ఎత్తుగా ఉన్న మూలలు దిగ్గోయాలి. ఏ యంత్రమూ లేకుండా ఇంత నిక్కచ్చిగా చెప్పే పరీక్ష నేనింకోటి చూడలేదు.

తొలి కొట్టడం. కొత్తవాళ్ళు ముందు స్కేలు తీసుకుంటారు. మీరు ముందు ఉలి తీసుకోండి. కాలి మందంలో మూడో వంతుకు దగ్గరగా ఉన్న ఉలి ఏదో చూసి, ఆ ఉలి వెడల్పుకే గేజు రెండు ముల్లులూ సర్దండి. తొలి వెడల్పు నిర్ణయించేది ఉలి. గేజు అదే కొలతతో కుసికి కూడా గీయండి, మధ్యలో కదపకండి. రెండూ ఒకే కొలతలో వస్తాయి, కొలిచి రాసుకునే పని లేదు. భుజాల గీత మాత్రం పెన్సిలుతో కాదు, కత్తి మొనతో గీయండి. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, ఆ మందమే చివర్లో సందుగా కనిపిస్తుంది. కత్తి గీతలో ఉలి తనంతట తానే కూర్చుంటుంది.

కాలి పైకొస దగ్గర తొలి వస్తే, కాలిని ఒక అంగుళం ఎక్కువ పొడవుగా ఉంచి తొలి కొట్టండి. లేకపోతే చివరి దెబ్బలకు కొస పగిలిపోతుంది. ఆ ఎక్కువ ముక్కను అంతా బిగిశాక కోసెయ్యవచ్చు. తొలి రెండు చివర్లలో ఒక సూతు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు వదిలి, మధ్యనుంచి కొడుతూ రండి. చివరి గోడలు ఆఖరున నిలువుగా దింపండి. అవతలికి పోయే తొలి అయితే సగం లోతు ఇటునుంచి, సగం అటునుంచి కొట్టాలి. ఒకే వైపునుంచి కొడితే అవతలి ముఖం చెక్క లేచిపోతుంది.

కుసి కోసేటప్పుడు రంపం గీతకు బయట నడవాలి, గీత మీద కాదు. బద్దను వాలుగా నిలబెట్టి, కనపడే రెండు గీతల వెంట ఏటవాలుగా ముందు కొయ్యండి. తిప్పి అవతలి వైపు అలాగే కొయ్యండి. చివరికి మధ్యలో మిగిలిన ముక్కోణాన్ని నిటారుగా దించండి. రంపం తప్పు దారి పట్టే అవకాశం బాగా తగ్గుతుంది. కుసి తొలిలోకి చేత్తో నెడితే సగం పోవాలి, మిగతా సగం కొయ్య సుత్తితో తడితే పోవాలి. సుత్తితో బలంగా కొట్టాల్సి వస్తే ఆపండి, కాలు చీలుతుంది. కుసి ఎక్కడ నలిగిందో మెరుపు కనిపిస్తుంది. అక్కడొక్కచోటే ఒక పొర తియ్యండి.

ఇప్పుడు చీల. గుమ్మాలు, తలుపులు చేసే మన వడ్రంగులు వెదురు చీల కొట్టి వదిలేస్తారు, బంక ఉన్నా లేకపోయినా అది పట్టుకుంటుంది. అందులో ఒక చిన్న కిటుకు ఉంది. కాలికి ముందు చీల బెజ్జం వెయ్యండి. కుసిని పూర్తిగా దూర్చి, బెజ్జంలోంచి కుసి మీద గుర్తు పెట్టండి. కుసిని బయటికి తీసి, ఆ గుర్తు దగ్గర కాకుండా భుజం వైపు ఒక మిల్లీమీటరు దగ్గరగా బెజ్జం వెయ్యండి. మళ్ళీ దూర్చి, మొన సన్నగా చెక్కిన ఎండు వెదురు చీల కొడితే, అది వంకరగా దూరుతూ కుసిని లోపలికి లాగుతుంది. భుజం కాలిని కరుచుకుంటుంది. క్లాంపు తీసేసినా వదలదు. ఒక మిల్లీమీటరు కన్నా ఎక్కువ దూరం పెట్టకండి, గట్టి కలపకు ముప్పావు చాలు. చీల విరిగిపోతే లోపలే ఇరుక్కుని ఇబ్బంది పెడుతుంది.

బంక గురించి కూడా అడిగారు. మా నాన్న కాలంలో వజ్రం అని, తోలు, ఎముకలు ఉడికించి తీసిన బంక పలకలుగా వచ్చేది. నానబెట్టి, నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి కాచేవాళ్ళం. వాసన చెప్పలేం. అయితే దాని మేలు ఒకటుంది, వేడినీళ్ళు తగిలిస్తే వదులుతుంది, యాభై ఏళ్ళ తర్వాతయినా కుర్చీ విప్పి బాగుచెయ్యవచ్చు. ఫెవికాల్ అతుకు అంత తేలిగ్గా విప్పలేరు. ఇంట్లో మొదటి పనులకు ఫెవికాల్ చాలు. కానీ కుసి సరిగా కోసి, చీల కొట్టిన చోట బంక లేకుండా ఒకసారి ప్రయత్నించి చూడండి.

కలప ఎక్కడ కొనాలి? నా మాట వింటే పాత కలప కొనండి. పడగొట్టిన ఇళ్ళ దూలాలు, గుమ్మాలు, తలుపులు అమ్మే అడితులు హైదరాబాదులో ఉన్నాయి, కోస్తాలో ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. కోస్తా పాత మేడల్లో బర్మా టేకు చాలా ఉంది, మనవాళ్ళు రంగూన్‌కు వెళ్ళివచ్చే రోజుల్లో ఓడల్లో దిగింది. అంతటి సన్నని వలయాలు తోటల్లో తొందరగా పెంచిన ఇప్పటి టేకులో దొరకవు. అది ఆరడం ఎప్పుడో అయిపోయింది, వంకర పోవాల్సిందంతా పోయింది. కొనేముందు అయస్కాంతం పెట్టి మేకులు వెతకండి, ఒక్క మేకు చాలు చిత్రిక ఆకు పళ్ళూడటానికి. కొత్త టేకు కావాలంటే మహారాష్ట్ర నుంచి వచ్చే బల్లార్ష టేకు అడగండి. రంగూ నారా బాగుంటాయి. ఏ పలకైనా కోసిన ముఖం చూసి కొనండి. వలయాలు పలక ముఖానికి నిలువుగా నిలబడి ఉంటే అది కదలడం దాదాపు సగానికి తగ్గుతుంది. వెడల్పు పలకలకు అవి ఏరుకోండి. తెచ్చిన కలపను మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి, బల్ల ఉండబోయే గదిలోనే కనీసం మూడు వారాలు ఉంచండి. వెంటనే కొయ్యకండి.

టేకు నేర్చుకోవడానికి ఖరీదు. మొదటి పనికి వేప గానీ మామిడి గానీ తీసుకోండి. మామిడికి పుచ్చు పడుతుంది, మందు కొట్టించినది అడగండి. జామాయిల్ వద్దు, ఆరేకొద్దీ మెలికలు తిరుగుతుంది. బరువుగా ఉన్న కాళ్ళకు, పిడులకు తుమ్మకు సాటి లేదు.

మొదటి పని ఏమిటంటే, మళ్ళీ బల్ల కాదు, పీట. కూర్చుని భోంచేసే పీట. పద్దెనిమిది అంగుళాల పొడవు, పది అంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం ఒకే పలక. కింద అడ్డంగా రెండు బద్దలు, అవే దాని కాళ్ళు. ఇది చిన్న పని అనిపిస్తుంది కానీ మీ బల్ల పగిలిన కారణానికి మందు ఇందులోనే ఉంది. పలక అడుగున నారకు అడ్డంగా రెండు గాళ్ళు తియ్యాలి, గాడి అడుగు వెడల్పుగా, నోరు ఇరుకుగా ఉండాలి. బద్ద పై అంచును కూడా అదే వాలులో చెక్కాలి. బద్దను పక్కనుంచి గాడిలోకి జారవిడిచి కొయ్య సుత్తితో తడుతూ దించాలి. ఒక కొస నుంచి ఇంకో కొసకు బద్ద ఒక మిల్లీమీటరు సన్నగిలేలా చేస్తే, చివరి రెండంగుళాల్లో గట్టిగా బిగుస్తుంది. బంక వద్దు. నడిమిన ఒక్క చీల కొట్టండి. పలక ఉబ్బినా తగ్గినా బద్ద మీద అటూ ఇటూ జారుతుంది, చీలదు. పైగా వంగకుండా బద్ద పట్టి ఉంచుతుంది. మా అమ్మ పీట ఇలాంటిదే, ఇప్పటికీ మా ఇంట్లో వాడుతున్నాం. అడుగున తాతయ్య ఉలి దెబ్బలు కనిపిస్తాయి. పైముఖం మాత్రం కూర్చుని కూర్చుని అద్దమైంది.

గాడి గోడలు ఏటవాలుగా కొయ్యడానికి ఒక చెక్కముక్కను ఆ వాలులో కోసి రంపానికి ఆసరాగా పెట్టుకోండి. మొదటి పీట వదులుగా వస్తుంది. రెండోది బిగువుగా వస్తుంది. మూడోది సరిగ్గా వస్తుంది. మూడు పీటల కలప ఒకేసారి కొనండి.

అపార్ట్‌మెంటులో వర్క్‌బెంచి ఎక్కడ పెట్టాలని అడిగారు. అవసరం లేదు. మనవాళ్ళు తరతరాలుగా నేలమీద కూర్చుని, చెక్కను కాలి మడమతోనూ వేళ్ళతోనూ నొక్కిపట్టి పనిచేశారు. బాల్కనీలో గోనెసంచి పరిచి, గోడకు ఆనించి మందపాటి పలక ఒకటి వెయ్యండి. దాని కొసకు అడ్డంగా ఒక బద్ద కొడితే చిత్రిక పట్టేటప్పుడు చెక్క జారకుండా అడ్డు నిలుస్తుంది. ఉలి వాడేటప్పుడు మాత్రం కాలు ఎప్పుడూ మొనకు ఎదురుగా ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఐటీఐలో పిల్లలను గట్టిగా కోప్పడేవాణ్ణి. తొలి కొట్టే చప్పుడు కింది ఇంటికి వినిపిస్తుంది, దుప్పటి మడత పెట్టి దానిమీద పలక వేస్తే చాలావరకు తగ్గుతుంది.

పూతకు తొందరపడకండి. చిత్రిక బాగా పట్టిన ముఖానికి ఉప్పుకాగితం అక్కర్లేదు. పీటకు అవిసె నూనె పలచగా రాసి, పావుగంట ఆగి, తడి లేకుండా పూర్తిగా తుడిచెయ్యండి. వారానికి ఒకసారి చొప్పున మూడు పూతలు. బల్లకైతే లక్క పాలిష్ బాగుంటుంది, చపడా లక్క రేకులు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, దూది మీద గుడ్డ చుట్టి రాస్తారు. వేడి గిన్నె పెడితే తెల్లమచ్చ పడుతుందని గుర్తుంచుకోండి. ఇంకొక మాట, ఇది చాలా ముఖ్యం. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆరేటప్పుడు అవి వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. విప్పి తీగ మీద ఆరేసి, గట్టిపడ్డాక పారెయ్యండి, లేదా నీళ్ళలో ముంచి పెట్టండి.

ఇక ఈ పగిలిన బల్ల. దీన్ని పారెయ్యకండి, చాలా మంచి కలప. తలకిందులు చేసి అడ్డబద్దల స్క్రూలన్నీ తీసెయ్యండి. ఒక్కో బద్దకు నడిమికి దగ్గరగా ఉన్న ఒక స్క్రూ బెజ్జం అలాగే ఉంచి, మిగతా బెజ్జాలను బద్ద పొడవు దిశలో సాగదియ్యండి, మూడు సూతుల పొడవు చాలు. వాచరు పెట్టి స్క్రూ బిగించండి, వేలితో తిప్పితే కొంచెం కష్టంగా తిరిగేంత, అంతకు మించి వద్దు. ఇప్పుడు చెక్క నడిమినుంచి రెండు వైపులా జరుగుతుంది. కాళ్ళకు కుసి పని పీటలు మూడూ అయ్యాక మొదలుపెట్టండి. పక్కబద్దలు ఎలాగూ కొత్తవి కొయ్యాలి, ఉన్నవాటి పొడవు కుసికి చాలదు.

ఆ చీలికలో లప్పం మాత్రం ఇప్పుడు పెట్టకండి. స్క్రూలు వదులు చెయ్యగానే కొంత మూసుకుంటుంది. శ్రావణం నాటికి గాలిలో తేమ పెరిగి ఇంకాస్త దగ్గరవుతుంది. ఇప్పుడు నింపితే వానాకాలంలో ఉబ్బే చెక్కకు ఆ లప్పం అడ్డుపడి, పక్కన కొత్త చీలిక తెస్తుంది. ఈ రోజు చీలిక వెడల్పు కొలిచి, బల్ల అడుగున తేదీతో సహా పెన్సిలుతో రాయండి. జూలైలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి కొలవండి. సెప్టెంబరులో వెంట్రుకమందం మిగిలితే, సన్నని కత్తితో లోపలికి బంక దించి, రెండు క్లాంపులతో ఒక రాత్రి బిగించి వదిలెయ్యండి. అప్పటికీ ఒక సూతు సందు ఉంటే ఆ కొలత, కోసిన ముఖం ఫొటో నాకు పంపండి, ఆ సందుకు సరిపడా సన్నని టేకు ముక్క చెక్కి ఎలా దూర్చాలో చెబుతాను.